ఎవరి అవసరం, ఏ గంటలు: బెజవాడ, గుంటూరులలో సొంత వ్యాపారం మొదలుపెట్టేవారికి

సొంతంగా ఏదైనా వ్యాపారం పెట్టాలని ఉందని చెప్పే యువతీయువకులు విజయవాడలోనూ గుంటూరులోనూ వీధివీధినా కనిపిస్తారు. ఏం వ్యాపారమని అడిగితే చాలామంది దగ్గర జవాబు ఉండదు. జవాబు ఉన్నవారిని రోజుకు ఎంతసేపు దానిమీద పనిచేస్తున్నారని అడిగితే సమయం దొరకడం లేదంటారు. పైకి ఇవి రెండు వేర్వేరు ఇబ్బందుల్లా కనిపిస్తాయి గాని రెంటికీ మూలం ఒకటే. తన పని ఎవరికి ఉపయోగపడుతుందో తేల్చుకోని మనిషికి రోజులో గంటలు మిగలవు. కొన్ని గంటలనైనా ఒక పనికి కేటాయించి చేసి చూడని మనిషికి తన లక్ష్యమేమిటో ఎన్నేళ్లు ఆలోచించినా తేలదు. అందుచేత లక్ష్యాన్ని వెతుక్కునే పద్ధతినీ, సమయాన్ని వాడుకునే పద్ధతినీ విడదీయకుండా, ఈ రెండు ఊళ్లలో ఉద్యోగమో చదువో ఇంటి బాధ్యతో మోస్తూనే వ్యాపారం మొదలుపెట్టదలచినవారు ఏ వరుసలో ఏం చేయాలో ఇక్కడ వివరిస్తాను.

రెండు వారాల చిట్టా

రోజువారీ జమాఖర్చులను ముందు చిట్టాలో రాసి, ఆ తర్వాత ఆవర్జాలోకి ఖాతాలవారీగా ఎక్కించుకోవడం మన వర్తకులకు తరతరాలుగా తెలిసిన పద్ధతి. సమయానికి కూడా మొదట అదే చేయాలి. ఒక చిన్న నోటు పుస్తకం తీసుకుని, లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ప్రతి అరగంట దేనికి పోయిందో రెండు మూడు మాటల్లో రాయాలి. ఈ రెండు వారాలూ అలవాట్లు మార్చుకునే ప్రయత్నం చేయకూడదు. ఉన్నది ఉన్నట్టు రాసుకోవడమే పని. ఫోనుకు పోయిన సమయాన్ని అంచనాగా రాయవద్దు. ఆండ్రాయిడ్ ఫోనులో డిజిటల్ వెల్‌బీయింగ్ అనే చోట ఆ రోజు లెక్క కనిపిస్తుంది, రాత్రి దాన్ని చూసి రాస్తే సరిపోతుంది. మనం అనుకున్నదానికీ ఆ అంకెకూ మధ్య తేడా చాలామందిని కలవరపెడుతుంది.

రెండు వారాలయ్యాక ఆ అరగంటలన్నిటినీ ఖాతాలుగా విడదీయాలి: ఉద్యోగం, ప్రయాణం, ఇంటిపని, నిద్ర, అయినవాళ్లతో గడిపినది, ఫోను, దేనికి పోయిందో గుర్తులేనిది. వ్యాపారానికి కావలసిన గంటలు చివరి రెండు ఖాతాల్లోంచే రావాలి. నిద్రనో, పిల్లలతో గడిపే సమయాన్నో కోసి వ్యాపారానికి పెట్టేవారు నాలుగైదు నెలలకే అలసిపోయి మొత్తం పనిని వదిలేస్తారు.

విజయవాడ పటమటలో అద్దెకుంటూ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల దుకాణం కౌంటరులో పనిచేసే ఒక యువకుణ్ణి ఊహించుకుందాం. ఉదయం తొమ్మిదిన్నర నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా దుకాణం. ఇంటికి వచ్చి భోజనం చేసి, పన్నెండు దాకా ఫోను చూసి పడుకుని, ఉదయం ఎనిమిదికి లేస్తాడు. అతను పదిన్నరకే పడుకుంటే, నిద్ర ఒక్క నిమిషం కూడా తగ్గకుండా ఆరున్నరకు లేవగలడు. మొహం కడుక్కుని కాఫీ తాగి కూర్చుంటే ఏడు నుంచి ఎనిమిదిన్నర దాకా గంటన్నర చేతికి వస్తుంది. ఆరు రోజులకు అది 9 గంటలు. ఆదివారం మరో 4 గంటలు కలిపితే వారానికి 13, నెలకు 50 గంటల పైమాటే. పదకొండు గంటల ఉద్యోగం చేస్తున్న మనిషికి కూడా ఇంత సమయం ఉందని చిట్టా రాయకముందు నమ్మకం కలగదు.

అందరి గంటలూ ఒకే రకంగా ఉండవు. విజయవాడ, గుంటూరుల మధ్య రోజూ రైల్లోనో బస్సులోనో ఉద్యోగానికి తిరిగేవారికి రానూపోనూ చాలా సమయం పోతుంది గాని, నిలబడి చేసే ఆ ప్రయాణంలో లెక్కలు వేయడం, ధరలు నిర్ణయించడం కుదరదు. కొనుగోలుదారుల మెసేజీలకు జవాబులివ్వడం, బాకీలు గుర్తుచేయడం లాంటి చిల్లర పనులకే దాన్ని ఉంచుకోవాలి. ఇల్లు చూసుకునే స్త్రీలకు ఏకబిగిన రెండు గంటలు దొరకడం అరుదు. వారి సమయం ముక్కలు ముక్కలుగా ఉంటుంది. అలాంటప్పుడు పనినే ముక్కలుగా కోసి పెట్టుకోవాలి: ప్యాకెట్ల మీద లేబుళ్లు అంటించడం ఇరవై నిమిషాల పని, మర్నాటి ఆర్డర్లు రాసుకోవడం పది నిమిషాల పని. అయితే వారానికి ఒక్క పూటైనా ఎవరూ పిలవని మూడు గంటలు కావాలని ఇంట్లో భర్తతోనో అత్తగారితోనో ముందే మాట్లాడి ఒప్పించుకోవాలి. ఇంట్లోవాళ్లకు తెలియకుండా దొంగచాటుగా చేసే వ్యాపారం పెరగదని, తెలిసినవాళ్లు ఒక చేయి వేస్తారని నా గట్టి నమ్మకం.

ఎవరి ఇబ్బందిని మీరు తీర్చగలరు

మీకు ఏది ఇష్టమో దానితో మొదలుపెట్టండి అని చాలామంది సలహా ఇస్తారు. నేను ఆ ప్రశ్నను రెండో వరుసలో పెడతాను. ఇష్టాలు వయసుతో, స్నేహాలతో మారతాయి. ఎదుటివారి ఇబ్బందిని దగ్గరనుంచి చూసిన జ్ఞానం మాత్రం మనతోనే ఉంటుంది, అదీ ఏళ్ల తరబడి ఒకచోట పనిచేస్తేనే వస్తుంది. కాబట్టి మొదట వేసుకోవలసిన ప్రశ్న: ఎవరి రోజువారీ ఇబ్బంది నాకు ఇతరులకంటే బాగా తెలుసు?

పైన చెప్పిన యువకుడి సంగతే చూద్దాం. పాత మోడల్ లారీ ఒకటి పొద్దున పదింటికి ఆటోనగర్ షెడ్డుకు వస్తుంది. మెకానిక్కు గేర్‌బాక్సు విప్పుతాడు. నాలుగు సామాన్లు కావాలి, మూడు దొరుకుతాయి, నాలుగోది దొరకదు. హెల్పర్ కుర్రాడు నూనె మరకల చేతులతో పాత సామాను నమూనాగా పట్టుకుని, బండి మీద ఒక్కొక్క దుకాణమే తిరుగుతాడు; ఒక చోట సైజు తేడా, ఒక చోట సరుకు రేపు వస్తుందంటారు, ఒక చోట ఓనరు భోజనానికి వెళ్లాడంటారు. మధ్యాహ్నం మూడవుతుంది. లారీ ఆ రాత్రి షెడ్డులోనే ఉండిపోతుంది. ఓనరుకు ఆ రోజు కిరాయి పోయినట్టే. డ్రైవరు బత్తా మాత్రం ఇవ్వాలి, ఫైనాన్స్ కిస్తీ ఆగదు, మెకానిక్కుకు షెడ్డులో చోటు ఖాళీ కాదు. ఏ సామాను ఏ దుకాణంలో ఏ అరలో ఉంటుందో మన యువకుడికి నోటికి వచ్చు. ఇప్పటికే ముగ్గురు మెకానిక్కులు అతని దుకాణంలో లేని సామాను గురించి కూడా అతనికే ఫోన్ చేసి అడుగుతున్నారు.

అతనేమో స్నేహితుడు పెట్టాడు కదా అని టీ ఫ్రాంచైజీ తీసుకోవాలని చూస్తున్నాడు! టీ వ్యాపారంలో తప్పేమీ లేదు. కాని అందులో అతను పదిమందిలో ఒకడు. షెడ్డులో లారీ రాత్రి నిలిచిపోకుండా చూసే పనిలో అతనికి సాటి రాగలవారు ఆటోనగర్‌లోనే కొద్దిమంది ఉంటారు. అతని లక్ష్యం ఆ ముగ్గురు మెకానిక్కుల ఫోన్లలో కనిపిస్తూనే ఉంది. అతను దాన్ని ఉచితంగా చేస్తున్న సాయంగా చూశాడు తప్ప వ్యాపారంగా చూడలేదు.

మీ విషయంలోనూ వెతకవలసింది ఇలాంటి ఆనవాళ్లనే. ఏ విషయంలో బంధువులు, పక్కింటివారు, తోటి ఉద్యోగులు మీరు పిలవకుండానే మీ దగ్గరకు వస్తున్నారో గత ఏడాదిని గుర్తుచేసుకుని రాయండి. ఏ పని అస్తవ్యస్తంగా జరుగుతుంటే చూస్తూ ఊరుకోలేకపోతున్నారో రాయండి. ఒకరికి పెళ్లి భోజనాల్లో వృథా కళ్లబడుతుంది, ఇంకొకరికి మంగళగిరి మగ్గం మీద నేసిన చీరను దుకాణంవారు సరిగా మడత కూడా పెట్టకపోవడం కళ్లబడుతుంది. ఆ తర్వాతే ఇష్టం సంగతి అడగాలి, అదీ ఇలా అడగాలి: లాభం రాని నెలలో, ఎండలో, ఒంట్లో బాగాలేని రోజున కూడా ఈ మనుషుల కోసం నేను బయలుదేరగలనా? వెళ్లలేనని మనసు చెబితే ఆ ఆలోచన ఎంత లాభసాటిదైనా పక్కన పెట్టాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. మనుషులను అడిగి తెలుసుకునేటప్పుడు, నేను ఇలాంటిది పెడితే మీరు కొంటారా అని అడగవద్దు. మన వాళ్లు మొహమాటస్థులు. ఎదుటి మనిషి ముఖం చిన్నబోతుందని కొంటామనే చెబుతారు. జరిగిపోయిన సంగతి అడగాలి: కిందటిసారి ఈ ఇబ్బంది ఎప్పుడు వచ్చింది, అప్పుడు ఏం చేశారు, ఎంత ఖర్చయింది, ఎంతసేపు పట్టింది. పదిమందిని ఇలా అడిగి జవాబులు వారి మాటల్లోనే రాసుకుంటే, ఆ ఇబ్బందికి వాళ్లు నిజంగా డబ్బు పెడుతున్నారో లేక సర్దుకుపోతున్నారో తెలుస్తుంది. సర్దుకుపోయేవారికి అమ్మడం చాలా కష్టం.

లక్ష్యం తెలియగానే ఉద్యోగం మానేయాలని కొందరు తొందరపడతారు. తాడేపల్లిలో 1939లో పసుపు పండించే రైతు ఇంట పుట్టి, గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో చదువుకున్న కల్లం అంజిరెడ్డి గారు పుణెలోని నేషనల్ కెమికల్ లేబొరేటరీలో డాక్టరేట్ చేసి, హైదరాబాదులో ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్‌లో కొన్నేళ్లు ఉద్యోగం చేశారు. బయటికి వచ్చాక ఇతరులతో కలిసి మందుల తయారీ సంస్థలు నడిపి, 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించేనాటికి ఆయనకు 45 ఏళ్లు. ఔషధాల తయారీ లోతుపాతులు ఉద్యోగంలో చూశారు, వ్యాపారం నడపడంలోని కష్టనష్టాలు భాగస్వామ్యంలో చూశారు. ఇరవై అయిదేళ్లకే ఏమీ సాధించలేదని కుంగిపోయేవారు ఈ సంవత్సరాలను ఒకసారి లెక్క వేసుకోవాలి.

ముహూర్తానికి ముందే పరీక్ష

ముహూర్తం చూసుకుని దుకాణం తెరవడం మన ఆచారం, దాన్ని గౌరవించాలి. అయితే ఆ ముహూర్తానికి ముందే వ్యాపారం నడుస్తుందో లేదో పరీక్షించుకోవచ్చు, ఆ పరీక్షకు పంచాంగంతో పనిలేదు. చాలామంది ఈ మెట్టు దాటేసి, వన్‌టౌన్‌లోనో బీసెంట్ రోడ్డు దగ్గరో అడ్వాన్సు, గుడ్‌విల్ కట్టి, బోర్డుకూ అరలకూ అద్దాలకూ ఉన్నదంతా పెట్టేసి, సరుకు కొనే వేళకు అప్పుకు వెళతారు. గిరాకీ ఉందో లేదో తెలియకముందే అద్దె మొదలైపోతుంది.

పరీక్ష నాలుగు వారాలు చాలు. మన యువకుడు దుకాణం పెట్టనక్కర్లేదు, సరుకు కొననక్కర్లేదు. ఉదయం దొరికిన గంటన్నరలో అయిదుగురు మెకానిక్కులకు ఫోన్ చేసి, ఆ రోజు ఏ బండి విప్పబోతున్నారో, దొరకదనుకునే సామాను ఏమిటో అడిగి, అది ఎక్కడ ఉందో కనుక్కుని, దుకాణాలు తెరవగానే తెప్పించి ఇచ్చే ఏర్పాటు చేయాలి. దీనికి డబ్బు తీసుకోవాలి, ఎంత చిన్న మొత్తమైనా సరే. తన ఉద్యోగానికి అడ్డు రాకుండా, యజమానికి చెప్పి చేయాలి. నాలుగు వారాల తర్వాత మూడు అంకెలు చూడాలి: ఎందరిని అడిగాడు, ఎందరు డబ్బిచ్చారు, అందులో ఎందరు మళ్లీ వారంతట వారే ఫోన్ చేశారు. మూడో అంకెకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. మొదటిసారి మొహమాటానికి కొంటారు, రెండోసారి అవసరానికే కొంటారు.

మళ్లీ ఎవరూ రాకపోతే లక్ష్యాన్నే వదిలేయనక్కర్లేదు. కొనేవారిని మార్చి చూడాలి, మెకానిక్కుకు బదులు నేరుగా లారీ ఓనరును అడగాలి. ధరను మార్చి చూడాలి. అప్పటికీ కదలకపోతే ఇంకో ఇబ్బందిని ఎంచుకోవాలి. నాలుగు వారాల్లో పోయేది కొంత పెట్రోలు, కొన్ని ఉదయాలు మాత్రమే.

గంటలను పనులకు పంచడం

వ్యాపారం కాస్త కదిలాక, దొరికిన గంటలన్నీ సరుకు తయారీకే పోవడం దాదాపు ప్రతిచోటా జరిగే పొరపాటు. తయారీ చేతికి అలవాటైన పని, అందులో ఎవరూ కాదనరు. అమ్మబోతే కాదంటారు, బాకీ అడగబోతే ముఖం తిప్పుకుంటారు. అందుకే ఆ రెండు పనులూ రేపటికి వాయిదా పడుతుంటాయి. వారానికి 13 గంటలుంటే కనీసం 5 అమ్మకానికి, 1 వసూళ్లకు, 1 లెక్కలకు ముందే పక్కన పెట్టి, మిగిలినవే తయారీకి ఇవ్వమని నా సలహా. మొదటి ఏడాదిలో తయారీ కొంత తగ్గినా నష్టం లేదు, అమ్మకం నేర్చుకోకపోతే నష్టం.

సొంత సమయాన్ని ఖర్చుగా లెక్కించకపోవడం ఇంతకంటే పెద్ద పొరపాటు. గుంటూరులో ఇంట్లో కారం పట్టించి అమ్మే ఒక గృహిణి లెక్క చూద్దాం. ధరలు రోజూ మారతాయి కాబట్టి అంకెలు ఉదాహరణకే. కిలో 200 రూపాయల చొప్పున 10 కిలోల మిర్చి, 2,000. తొడిమలు తీసి, తాలు ఏరి, ఎండబెట్టి, పట్టించేసరికి కిలోన్నర తరుగు పోయి ఎనిమిదిన్నర కిలోల కారం వస్తుంది. మిల్లుకు 300, కవర్లకూ లేబుళ్లకూ 130, ఆటోకు 150. మొత్తం 2,580, కిలోకు దాదాపు 304 పడింది. కిలో 340కి అమ్మి, 36 రూపాయలు మిగిలాయని ఆమె సంతోషిస్తుంది. కాని తొడిమలు తీయడానికి, ఎండలో తిరగేయడానికి, ప్యాకింగుకు ఆమె పెట్టిన సమయం 6 గంటలు. గంటకు 80 రూపాయలే వేసుకున్నా 480. అప్పుడు మొత్తం 3,060, కిలోకు 360. అంటే ప్రతి కిలో మీదా 20 రూపాయలు తన చేతినుంచి వేస్తోంది. చాలామంది అసలు మిర్చి ధరతోనే ఆగిపోతారు, తరుగును కూడా లెక్కించరు.

ఈ లెక్క వేశాక ఆమె ముందు దారులు కనిపిస్తాయి. తొడిమలు తీసిన కాయే కొని, కిలోకు కొంత ఎక్కువ పెట్టి, తన గంటలు మిగుల్చుకోవచ్చు. తొడిమలు తీసే పనికి మనిషిని పెట్టుకుని, ఆ సమయంలో తాను బ్రాడీపేట, అరండల్‌పేటల్లోని విద్యార్థుల హాస్టళ్లకు వెళ్లి నెలవారీ ఆర్డర్లు తెచ్చుకోవచ్చు. అదే రకం కాయ, అదే ఘాటు, అదే రంగు ప్రతిసారీ ఇస్తానని చెప్పి 400 అడగవచ్చు. ఆ ధరకు ఒప్పుకోనివారికి అమ్మకపోవడమే మంచిది. తేజా రకం ఘాటు వేరు, రంగుకోసం వాడే బాడిగ రకం వేరు. రెంటినీ ఏ పాళ్లలో కలపాలో తెలిసిన మనిషి తన ధర తాను అడగగలగాలి.

రోజువారీ పద్ధతి సంగతికి వస్తే, ఉదయపు గంటలో ఫోను వేరే గదిలో ఉండాలి, ఆ గంటలో చేయవలసిన మొదటి పని కిందటి రాత్రే కాగితం మీద రాసి ఉండాలి. మార్కెటింగ్ చేయాలి అని రాస్తే మర్నాడు ఏమీ జరగదు. ఫలానా వీధిలోని మూడు హాస్టళ్ల వార్డెన్లకు పావుకిలో నమూనా ఇచ్చి, నెలకు ఎంత వాడతారో, ఇప్పుడు ఎవరి దగ్గర ఎంతకు కొంటున్నారో అడగాలి అని రాస్తే, లేచిన మనిషి ఆలోచించకుండా బయలుదేరతాడు.

వసూళ్లకు వారంలో ఒక రోజును ఖాయం చేసుకోవాలి. ప్రతి శుక్రవారమో గురువారమో ఫలానా వారు బాకీ కోసం వస్తారని కొనేవారికి అలవాటైతే, అడగడంలోని ఇబ్బంది సగం పోతుంది. అరువు మన వ్యాపారాల్లో తప్పదు, కాని ఒక్కొక్కరికి ఎంతవరకు అరువో ముందే నిర్ణయించి, ఆ గీత దాటితే పాత బాకీ తీరేదాకా కొత్త సరుకు ఆపాలి. సూక్ష్మ, చిన్న సంస్థగా నమోదైన తయారీదారులకూ సేవలందించేవారికీ 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ఒక రక్షణ ఇచ్చింది: రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులకు మించి చెల్లింపు ఆపకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే గడువు, దాటితే వడ్డీ కట్టాలి. పెద్ద కంపెనీలకు సరుకు వేసేవారు బిల్లు మీదే ఉద్యం (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) నంబరు ముద్రించుకోవడం మంచిది.

ఊరి క్యాలెండరు

వారంలోని గంటలను పనులకు పంచినట్టే ఏడాదిలోని నెలలనూ పంచుకోవాలి, ఈ ప్రాంతంలో అది మరీ ముఖ్యం. గుంటూరు మిర్చి యార్డుకు కొత్త పంట సంక్రాంతి తర్వాత జోరందుకుని వేసవి దాకా వస్తుంది. యార్డుకు ఏటా వేసవి సెలవులిస్తారు, ఆ తర్వాత అమ్మకాలు ఎక్కువగా శీతల గిడ్డంగుల్లో దాచిన సరుకుతో సాగుతాయి. కారం, పచ్చళ్ల వ్యాపారానికి ఏడాది సరుకు ఎప్పుడు కొనాలో ఈ లెక్కే చెబుతుంది. విజయవాడ దగ్గరి నున్న ఊళ్లోని మామిడి మార్కెట్టు సందడి వేసవి నెలలకే పరిమితం. బట్టల వ్యాపారానికి శ్రావణం, దసరా, మాఘ ఫాల్గుణాల పెళ్లిళ్లు గిరాకీ కాలమైతే ఆషాఢం తగ్గింపు ధరల కాలం. విజయవాడ బట్టల బజారు వస్త్రలతలో టోకున కొని చిల్లరగా అమ్మేవారు ఆషాఢంలో పెట్టుబడి ఇరికించుకోకూడదు. దసరా తొమ్మిది రోజులూ ఇంద్రకీలాద్రికి, ముఖ్యంగా మూలా నక్షత్రం నాడు, వచ్చే జనం వల్ల నగరంలో రాకపోకలు మారిపోతాయి. ఆ రోజుల్లో సరుకు చేరవేస్తానని ఎవరికీ మాట ఇవ్వకండి. 2028లో కృష్ణా పుష్కరాలు వస్తాయి, వసతి, భోజనం, ప్రయాణాల వ్యాపారంలోకి దిగేవారు ఇప్పటినుంచే దాన్ని మనసులో పెట్టుకోవాలి.

గిరాకీ లేని నెలలు వృథా నెలలని అనుకోవద్దు. రోహిణి కార్తె ఎండల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా బయట తిరగడం ఒంటికీ మంచిది కాదు, ఆ వేళ కొనేవారూ దొరకరు. కిందటి ఏడాది లెక్కలు తిరగేయడానికి, కొత్త సరుకు ధర కట్టడానికి, కొత్త నైపుణ్యం నేర్చుకోవడానికి ఆ మధ్యాహ్నాలే అనుకూలం.

కాగితాలు, అప్పులు

ఉద్యం నమోదు 2020 జులై 1 నుంచి ఆధార్ ఆధారంగా, పూర్తిగా ఉచితంగా జరుగుతోంది. దీనికి డబ్బు అడిగే మధ్యవర్తులను నమ్మవద్దు. తినుబండారాలు అమ్మేవారు ఎంత చిన్నవారైనా ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్‌ఎస్‌ఏఐ కింద నమోదు చేయించుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో సరుకులు మాత్రమే అమ్మేవారికి ఏడాది టర్నోవరు 40 లక్షలు, సేవలందించేవారికి 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. రాష్ట్రం బయటికి సరుకు అమ్మేవారికి సాధారణంగా ఈ మినహాయింపు వర్తించదు.

అప్పు అవసరమైతే, చీటీ పాడుకునేముందు, అధిక వడ్డీకి చేబదులు తీసుకునేముందు ముద్ర రుణం గురించి మీ బ్యాంకులో అడగండి. 2015లో మొదలైన ఈ పథకంలో తాకట్టు లేకుండా శిశు విభాగంలో 50 వేల దాకా, కిశోర్‌లో 5 లక్షల దాకా, తరుణ్‌లో 10 లక్షల దాకా ఇస్తారు. నాలుగు వారాల పరీక్షలో రాసుకున్న అంకెలు, కొన్ని నెలల చిట్టా, యూపీఐ ద్వారా వచ్చిన చెల్లింపుల వివరం చేతిలో ఉంటే మేనేజరు ముందు మాట్లాడడం సులువవుతుంది. పరీక్ష పూర్తికాకముందు మాత్రం ఏ అప్పూ తీసుకోవద్దు.

ఉద్యోగం ఎప్పుడు వదలాలి

ఈ ప్రశ్నకు ధైర్యంతో కాక లెక్కతో జవాబు చెప్పుకోవాలి. ఇంటి ఖర్చుకు ఆరు నెలలకు సరిపోయే డబ్బు, వ్యాపారం పెట్టుబడితో కలవని వేరే ఖాతాలో ఉండాలి. మీ గంటలకు కట్టుకున్న కూలి, ఆ కూలి పోను మిగిలిన లాభం రెండూ కలిపి చూస్తే, వరుసగా మూడు నెలలు ఇంటి ఖర్చులో మూడింట రెండు వంతులకు తగ్గకూడదు. వచ్చే డబ్బులో సగానికి మించి ఒకే కొనుగోలుదారు నుంచి వస్తుంటే ఆగాలి. ఆ ఒక్కరు చేజారితే ఇంటి అద్దె కూడా కష్టమవుతుంది. ఇంట్లో వృద్ధులున్నా, పిల్లల ఫీజుల గడువు దగ్గరపడినా ఆరు నెలలను తొమ్మిది చేసుకోవాలి. ఈ షరతులు నెరవేరడానికి ఏడాది పట్టవచ్చు, రెండేళ్లూ పట్టవచ్చు. ఉదయపు గంటన్నర కొనసాగుతున్నంతకాలం ఆ ఆలస్యం గురించి దిగులు పడనక్కర్లేదు.

వదిలేటప్పుడు మర్యాదగా వదలాలి. యజమానికి కనీసం నెల ముందే చెప్పి, మీ తర్వాత కౌంటరులో కూర్చోబోయే కుర్రాడికి ఏ అరలో ఏముందో, ఏ ఖాతాదారు ఎప్పుడు డబ్బు కడతాడో దగ్గరుండి నేర్పించాలి. దుకాణం ఖాతా పుస్తకంలోని పేర్లను, ధరలను రహస్యంగా రాసుకుని వెళ్లకూడదు. ఆటోనగర్‌లోనైనా, పట్నంబజారులోనైనా, కాళేశ్వరరావు మార్కెట్టులోనైనా వర్తకులందరూ ఒకరికొకరు తెలిసినవారే. కొత్తగా వచ్చిన మనిషికి సరుకు అరువు ఇవ్వాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి వాళ్లు మొదట ఫోన్ చేసేది మీ పాత యజమానికే.